పకోడీ లెక్కన ఇటలీ యాపిల్ కేకు

(హైదరాబాద్ మలక్‌పేటలో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, ఆదివారం సాయంత్రం మాట్లాడిన మాటలకు రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినిపిస్తోందా? సరే.

సెక్రటరీ గారు నన్ను పరిచయం చేస్తూ బేకింగ్ నిపుణులు అన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోమని మనవి. నేను ముప్పై మూడేళ్లు తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. కిరాణా కొట్టు తక్కెళ్లు, పెట్రోలు బంకు మిషన్లు, కట్టెల అడితీ కాటాలు, ఇవీ నాకు తెలిసిన వస్తువులు. అరవై దాటాకే వంటింటి మొహం చూశాను. చూశాను అనడం కూడా ఎక్కువే. మా ఆవిడ ఇప్పటికీ లోపలికి రానివ్వదు. నా ఓవెను బాల్కనీలో వాషింగ్ మిషన్ పక్కన ఉంటుంది. (నవ్వులు)

నాకు వచ్చిన కేకు ఒక్కటే. దాన్ని ఇటలీలో తోర్తా ది మేలే అంటారు. తోర్తా అంటే కేకు, మేలే అంటే యాపిల్ పళ్లు. మొదటిసారి విన్నప్పుడు మేలే కదా మరి, పళ్లు తింటే కీడెందుకు అనుకున్నాను. ఆ ఒక్క కేకు గురించే చెబుతాను. మధ్యలో పక్కదారి పడితే మా ఆవిడ ముందు వరుసలోనే ఉంది, దగ్గుతుంది.

ముందు పకోడీ సంగతి మాట్లాడుకుందాం. ఉల్లిపాయ పకోడీ బాగా కుదిరిందని ఎప్పుడంటాం? ఉల్లి ముక్కలు జుట్టు విరబోసుకున్నట్టు బయటికి కనబడుతూ, శనగపిండి వాటిని పట్టుకోవడానికి మాత్రమే ఉన్నప్పుడు. పిండి ఎక్కువైతే అది పకోడీ కాదు, ఉల్లిపాయ పడిన పిండిముద్ద. చేయి తిరిగినవాళ్లు ఉల్లిపాయలకు ఉప్పు రాసి పిసికి, అవి వదిలిన తడితోనే పిండి కలుపుతారు. చెంబుతో నీళ్లు పోయరు. ఈ యాపిల్ కేకు లెక్క కూడా అదే. పండు ఎక్కువ, పిండి తక్కువ. పిండి పండును పట్టుకోవాలి, అంతే. పకోడీకీ దీనికీ ఒకచోట మాత్రం పెద్ద తేడా ఉంది. ఆ తేడా తెలియక నేను ఒక కేకు తగలేశాను, అది తర్వాత చెబుతాను.

ఇదెందుకు ముందే చెబుతున్నానంటే, మన ఊళ్లో కేకు అనగానే కళ్లముందు కనబడేవి రెండే. ఒకటి పుట్టినరోజు క్రీము కేకు. పైన పేరు, పక్కన కొవ్వొత్తి, తినేటప్పుడు సగం క్రీము మొహానికే పోతుంది. రెండోది బేకరీ అద్దాల బీరువాలో ఉస్మానియా బిస్కెట్ల పక్కన ఉండే ప్లమ్ కేకు. ఈ రెంటికీ పిండే ప్రాణం. పొంగాలి, స్పాంజిలా ఉండాలి. ఆ కళ్లతో తోర్తా ది మేలేను చూస్తే ఫెయిలైందనిపిస్తుంది. ఇది పెద్దగా పొంగదు. రెండంగుళాల ఎత్తుంటే గొప్ప. కోస్తే లోపల పొరలు పొరలుగా పండు కనబడుతుంది, తడిగా ఉంటుంది. క్రీము ఉండదు, ఐసింగు ఉండదు. ఇటలీవాళ్లు పొద్దున్నే కాఫీతో ఒక ముక్క తింటారు. బడి నుంచి వచ్చిన పిల్లలకు సాయంత్రం పెడతారు, దాన్ని మెరెండా అంటారు. మన నాలుగింటి చిరుతిండి అన్నమాట.

నేను నేర్చుకున్నది ట్రెంటో అనే ఊళ్లో. ఇటలీకి ఉత్తరాన, కొండల మధ్య ఉంటుంది. మా అమ్మాయి అక్కడ పరిశోధన చేస్తున్నప్పుడు మేమిద్దరం సెప్టెంబరులో వెళ్లి మూడు నెలలున్నాం. ఆ ఊరికి కాస్త ఎగువన వాల్ ది నోన్ అని ఒక లోయ ఉంది. ఎటు చూసినా యాపిల్ తోటలే. నేను యాపిల్ అంటే మామిడిలాంటి పెద్ద చెట్టు, నిచ్చెన వేసుకుని ఎక్కాలి అనుకునేవాణ్ని. అక్కడవి పొట్టి చెట్లు. వాటిని ద్రాక్ష తీగల్లా తీగెలకు కట్టి వరుసల్లో పెంచుతారు. చాలామటుకు పళ్లు నేల మీద నిలబడే కోయొచ్చు. గోల్డెన్ డెలిషస్ అనే పసుపు రకం ఎక్కువ. రెనెట్టా అని ఇంకోటుంది, తొక్క గరుకుగా, రంగు తక్కువగా, చూపులకు ఏ మాత్రం బాగుండదు. మన బండి మీద పెడితే ఎవరూ ముట్టుకోరు. కానీ పులుపు, వాసన దానివే. వంటకు అదే కావాలని అడిగి తీసుకెళ్తారు.

మా అమ్మాయి ఇంటి ఓనరమ్మకు ఎనభై ఏళ్లకు దగ్గర. ఇంగ్లీషు రాదు, మాకు ఇటాలియన్ రాదు. ఒక ఆదివారం మమ్మల్ని కిందికి పిలిచి, వంటగదిలో కూర్చోబెట్టి ఈ కేకు చేసింది. ఆవిడ చేతులు ఇప్పటికీ కళ్లకు కడుతున్నాయి. కత్తిపీట లేదు, చెక్కపలక లేదు. ఎడమచేతిలో యాపిల్, కుడిచేతిలో వేలెడు చాకు. తొక్క ఒకే రిబ్బనులా తీసింది. పండును నాలుగు చేసి, గింజలు తీసి, గిన్నె మీదే పట్టుకుని బొటనవేలి వైపు కోసుకుంటూ పోతోంది. ముక్కలు తమలపాకంత పల్చగా గిన్నెలోకి రాలుతున్నాయి. కింద పిండి చూస్తే అడుగున కొంచెమే ఉంది. పళ్లు చూస్తే కొండ. ఇంత పండు ఇంత పిండిలో ఎలా ఇముడుతుందా అని నేను చూస్తుంటే, పక్కనున్న మా ఆవిడ నా చెవిలో, "ఇది పకోడీ పిండేనండీ" అంది. కాబట్టి ఇవాళ్టి ప్రసంగం హెడ్డింగు ఆవిడది. నాది కాదు.

ఇంకో సంగతి. ఆ ఓనరమ్మ పంచదార, మైదా కొలిచింది దేనితో అనుకున్నారు? పెరుగు తినేసిన ఖాళీ డబ్బాతో! ముప్పై మూడేళ్లు కొలపాత్రలకు ముద్రలు వేసిన మనిషిని నేను. గుండె జారిపోయింది. తర్వాత మా అమ్మాయి చెప్పింది, ఇటలీలో దీనికి పెద్ద సంప్రదాయమే ఉందని. ఏడు డబ్బాల కేకు అని ఒకటి చేస్తారట. డబ్బా అంటే 125 గ్రాముల పెరుగు కప్పు. ఒక డబ్బా పెరుగు, ఒక డబ్బా నూనె, రెండు డబ్బాల పంచదార, మూడు డబ్బాల మైదా, పైన మూడు గుడ్లు. లెక్కపెట్టుకోండి, ఒకటీ ఒకటీ రెండూ మూడూ, ఏడు. ఏ పిల్లకైనా నోటికొస్తుంది.

ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తే నవ్వొచ్చింది. మా అమ్మ చేసింది మాత్రం ఏమిటి? గిద్ద, సోల, తవ్వ, మానిక. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. 1956లో చట్టం వచ్చింది, దేశమంతా మెట్రిక్ కొలతలకు మారింది. నాలాంటివాళ్లు బజార్లు తిరిగి పాత కొలతలను పక్కన పెట్టించారు. మా ఇంట్లో మాత్రం అమ్మ తవ్వ అలాగే ఉంది. ఊరికీ ఊరికీ సోల మారినా ఆవిడ ఇడ్లీ మారలేదు. ఎందుకంటే మినప్పప్పూ రవ్వా రెండూ ఒకే సోలతో కొలిచేది. పాళ్లు కుదిరితే పాత్ర ఏదైనా ఒకటే.

గొడవంతా ఎక్కడొస్తుందంటే, ఒకళ్ల పాత్ర పేరు ఇంకొకళ్లు వాడుకున్నప్పుడు. ఫోన్లో వంట వీడియో చూస్తాం. ఒక కప్పు మైదా అంటుంది. ఏ కప్పు? అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. ఇంకోచోట కప్పు అంటే 250. మన ఇంట్లో టీ కప్పు 120 కూడా ఉండదు. పోనీ కప్పు కుదిరిందే అనుకోండి, మైదాను చెంచాతో వదులుగా నింపితే 120 గ్రాములు పడుతుంది, కప్పునే డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పోతుంది. అదే కప్పు, అదే మైదా, 30 గ్రాముల తేడా. మా శాఖలో ఇంత తేడా దొరికితే కేసు రాసేవాళ్లం. (నవ్వులు) అందుకని ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కోండి. పిల్లల బొమ్మకయ్యే ఖర్చే. దాని మీద గిన్నె పెట్టి, సున్నా నొక్కి, ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోతే కడగాల్సిన గిన్నెలు కూడా తగ్గుతాయి.

ఇక కొలతలు. రాసుకునేవాళ్లు రాసుకోండి. ఎనిమిదంగుళాల గుండ్రటి టిన్నుకు చెబుతున్నాను. మధ్యరకం యాపిల్ పళ్లు ఐదు, అంటే 900 గ్రాములు. తొక్కా గింజా పోగా 700 మిగులుతాయి. మైదా 150, పంచదార 120, పైన చల్లడానికి ఇంకో రెండు చెంచాలు. గుడ్లు రెండు. నూనె 70 గ్రాములు, పాలు 60. బేకింగ్ పౌడర్ తలకొట్టిన టీస్పూన్లు ఒకటిన్నర. ఉప్పు చిటికెడు. రెండు నిమ్మకాయల తొక్కు, ఒక కాయ రసం. పెంకు తీసిన గుడ్డు 50 గ్రాములనుకుంటే పిండి మొత్తం 500 గ్రాములు. పండు 700. అర్థమైందా, పకోడీ లెక్క?

బేకింగ్ పౌడర్ దగ్గర ఒక హెచ్చరిక. ఇటలీ వంటలు తర్జుమా చేసిన చోట ఒక ప్యాకెట్టు అని ఉంటుంది. అక్కడ దాన్ని చిన్న పొట్లాల్లో అమ్ముతారు, పొట్లం 16 గ్రాములు, వెనిలా వాసన కూడా అందులోనే కలిపి ఉంటుంది. మన దగ్గర ప్యాకెట్టు అంటే 100 గ్రాముల డబ్బా. మా బంధువులావిడ ఒకరు ప్యాకెట్టులో సగమే వేశాను తమ్ముడూ, అయినా చేదొచ్చింది అని ఫోను చేశారు. రాదూ మరి!

నూనె అంటే ఆలివ్ నూనే అక్కర్లేదు. ఇటలీ ఉత్తరాన వెన్న వాడకం ఎక్కువ, దక్షిణానికి వెళ్లేకొద్దీ ఆలివ్ నూనె. ట్రెంటో ఆవిడ వెన్నే వేసింది. నేను పొద్దుతిరుగుడు నూనె వాడతాను. వేరుశనగ నూనె వద్దు, దాని వాసన యాపిల్‌ను తినేస్తుంది. నెయ్యి వేసి చూశాను. బాగానే ఉంది గానీ కళ్లు మూసుకుని తింటే మైసూర్‌పాకు తింటున్నట్టుంది. వెన్న వేస్తే ఉప్పు లేనిది చూసుకోండి. వెన్న గది వేడిమికి రావాలి అని పుస్తకాల్లో రాస్తారే, ఆ గది మన గది కాదు. మన మే నెలలో బయట పెట్టిన వెన్న పావుగంటలో నూనైపోతుంది.

నిమ్మకాయ. ఇక్కడ మనం కాస్త దురదృష్టవంతులం. వాళ్ల నిమ్మకాయ దళసరి పసుపు తొక్కతో పెద్దగా ఉంటుంది, తొక్క గీకితేనే గది నిండా వాసన. మన కాయ తొక్క పల్చన. కోరాముతో గట్టిగా రుద్దితే ఒక్క క్షణంలో కింది తెల్లపొర వచ్చేస్తుంది, అది చేదు. కాయను తిప్పుకుంటూ పైపైన, రంగున్నంత మేరకే గీకండి. మా అత్తగారి ఊరి నుంచి దబ్బకాయ వచ్చినప్పుడు దాని తొక్కు వేస్తాను. అప్పుడు నా కేకు ఆవిడ కేకును మించిపోతుంది. ట్రెంటోకి ఈ మాట చేరవేయకండి.

దాల్చినచెక్క వేయలేదేమిటని చాలామంది అడుగుతారు. వేసుకోవచ్చు, తప్పేం లేదు. మొదటిసారి మాత్రం నిమ్మతొక్కుతోనే చేసి, పండు వాసన ఎలా ఉంటుందో చూడండి. యాలకులు దయచేసి వద్దు. యాలకులు పడగానే ఏదైనా పాయసమైపోతుంది.

ఇప్పుడు అసలైనది, యాపిల్. హైదరాబాదులో పళ్లంటే ఒకప్పుడు మొజంజాహీ మార్కెట్టే. 1935లో కట్టారు, ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు. తర్వాత హోల్‌సేలు గడ్డిఅన్నారానికి, అక్కణ్నించి ఇప్పుడు బాటసింగారానికి పోయింది. మనకు దిక్కు మాత్రం సందు చివర తోపుడు బండే. జులై, ఆగస్టుల్లో హిమాచల్ పళ్లు దిగుతాయి, తర్వాత నవంబరు దాకా కాశ్మీరువి. ఈ కేకుకు ఆ నెలలే మంచివి. మనం దేన్నైనా సిమ్లా యాపిల్ అనేస్తాం. ఆ సిమ్లా కొండల్లో, కోట్‌గఢ్ అనే చోట ఇప్పటి ఎర్ర డెలిషస్ రకాన్ని నాటింది శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికా ఆయన, 1916 ప్రాంతంలో. ఇక్కడే స్థిరపడి, తర్వాత సత్యానంద అని పేరు మార్చుకున్నాడు. ట్రెంటోలో నేను చూసిన గోల్డెన్ డెలిషస్ కూడా అమెరికాదే, వెస్ట్ వర్జీనియాలో పుట్టింది. ఇటలీ కేకు, హిమాచల్ పండు అంటాం గానీ రెండు పళ్ల పుట్టిల్లూ అమెరికానే. (దగ్గు) సరే, సరే, వస్తున్నా.

మన ఎర్ర డెలిషస్‌తో చిక్కేమిటంటే తీపి ఎక్కువ, పులుపు తక్కువ. ఎక్కువ రోజులు కోల్డ్ స్టోరేజీలో ఉంటే లోపల పిండిపిండిగా అవుతుంది. పండులో కణాలను ఒకదానికొకటి అంటించే పెక్టిన్ అనే జిగురు మెల్లగా కరిగిపోతుంది. అప్పుడు కొరికితే కణం పగిలి రసం రాదు, కణాలు విడివిడిగా జారి నోట్లో ఇసకలా తగులుతాయి. అలాంటి పండు కేకులో ముక్కగా నిలవదు, గుజ్జైపోతుంది. నేను ప్రతి పండునూ నొక్కి చూస్తుంటే మా బండి అతను ఒకరోజు విసుక్కున్నాడు. "ఎందుకు సార్ అన్నిట్ని వత్తుతున్నరు? వత్తితే నా పండు కరాబైతది. ఇగో, ఇట్ల వేలితోని కొట్టి ఇనుర్రి" అన్నాడు. మధ్యవేలితో టక్కున కొట్టాడు. గట్టి పండు చెక్క తలుపు మీద తట్టినట్టు మోగింది. ఇంకోటి కొట్టాడు, దిండు మీద తట్టినట్టుంది. "ఇది ముసలోళ్లకి, అది నీకు" అన్నాడు. నాకు అరవై ఆరు అని చెప్పలేదు. (నవ్వులు)

దొరికితే ఒకటో రెండో ఆకుపచ్చ యాపిల్, గ్రానీ స్మిత్ అంటారు, కలపండి. ఖరీదెక్కువ, కానీ పులుపూ గట్టిదనమూ వస్తాయి. దొరక్కపోతే నిమ్మరసం ఇంకాస్త పిండండి. నిమ్మరసం వల్ల కోసిన ముక్కలు నల్లబడటం కూడా ఆగుతుంది.

ఇప్పుడు నేను తగలేసిన కేకు గురించి. ఇటలీ నుంచి వచ్చిన కొత్తలో, మే నెల. బంధువులు నలుగురు వస్తున్నారు. పకోడీ లెక్క నాకు తెలిసిపోయిందన్న ధీమా. ఉల్లిపాయలకు ఉప్పు రాసినట్టు, కోసిన యాపిల్ ముక్కలకు పంచదార మొత్తం పట్టించి ఒక పక్కన పెట్టాను. ఈలోపు గ్యాస్ సిలిండర్ అతను వచ్చాడు, తర్వాత ఫోనొచ్చింది. ముప్పావుగంట తర్వాత చూస్తే గిన్నెలో ముక్కలు ఈదుతున్నాయి. పంచదార పండులోని నీళ్లను బయటికి లాగేసింది, ఉప్పు ఉల్లిపాయను లాగినట్టే. యాపిల్‌లో నూటికి 85 వంతులు నీళ్లే కదా. పకోడీకి ఆ తడి కావాలి, ఎందుకంటే అక్కడ వేరే నీళ్లు పోయం. ఇక్కడ గుడ్డూ పాలూ ముందే ఉన్నాయి. ఆ రసమంతా పిండిలో పోసి ఓవెన్లో పెట్టాను. గంటకు పైన రంగు అద్భుతం. కోస్తే అడుగున అంగుళం మందాన హల్వా. చుట్టాలు మర్యాదస్తులు, స్పూన్లతో తిన్నారు. మా ఆవిడ మాత్రం పకోడీ అన్నాను గానీ పులుసు పెట్టమన్నానా అంది.

ఆ తేడా గుర్తుపెట్టుకుంటే చాలు. యాపిల్ కోశాక దాని మీద నిమ్మరసం తప్ప ఏమీ వేయొద్దు. పిండి సిద్ధమయ్యాకే కలపాలి, కలిపిన వెంటనే ఓవెన్లోకి పోవాలి.

కాబట్టి వరస ఇదీ. ముందు ఓవెను 175 డిగ్రీలకు పెట్టి వేడెక్కనివ్వండి, పావుగంట పడుతుంది. టిన్నుకు వెన్న రాసి మైదా దులపండి, లేదా అడుగున బటర్ పేపరు వేయండి. టిన్ను లేనివాళ్లు బేగంబజారు వెళ్తే గిన్నెల కొట్లలో దొరకనిది లేదు, అడుగు ఊడివచ్చే రకం అడగండి. పళ్లు కోసుకోండి, పావు అంగుళం కన్నా పల్చగా. మందంగా కోస్తే బరువుకు అడుక్కి దిగిపోతాయి, చుట్టూ పిండి పచ్చిగా ఉండిపోతుంది. ఒక పండంత ముక్కలు పైన పేర్చడానికి విడిగా ఉంచండి.

గుడ్లూ పంచదారా గిలక్కొట్టడం మాత్రం బద్ధకించే పని కాదు. మన పంచదార పలుకు పెద్దది, తొందరగా కరగదు, మిక్సీలో ఒక తిప్పు తిప్పి వేయండి. చేత్తో అయితే ఎనిమిది నిమిషాలు, బీటర్‌తో నాలుగు. గారెలకు పప్పు రుబ్బి చివర్లో చేత్తో గాలి పట్టిస్తాం చూడండి, చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలేదాకా. అదే పని ఇది. పసుపు రంగు పోయి మీగడ రంగు రావాలి, చెంచా ఎత్తితే రిబ్బనులా జారి పైన ఒక క్షణం గీత నిలవాలి. అప్పుడు నిమ్మతొక్కు, సన్నధారగా నూనె, పాలు. మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి జల్లించి వేసి, గరిటెతో కింద నుంచి పైకి మడిచినట్టు కలపండి. పొడి కనబడటం ఆగగానే మీరూ ఆగండి. ఇంకా కలుపుతూ పోతే మైదాలో జిగురు సాగి కేకు రబ్బరులా అవుతుంది. పరోటాకు కావాల్సిన గుణం అది, ఇక్కడ వద్దు. పిండి మిర్చిబజ్జీ పిండి కన్నా ఒక పిసరు చిక్కగా ఉండాలి. పండు ముక్కలు వేస్తే పిండి ఏమైపోయిందా అన్నట్టు మాయమవుతుంది. కంగారుపడి పిండి పెంచొద్దు. ప్రతి ముక్కకూ చొక్కా తొడిగినట్టు పట్టిందా లేదా చూడండి, చాలు.

టిన్నులో సర్ది, పైన దాచిన ముక్కలు విసనకర్రలా పేర్చి, రెండు చెంచాల పంచదార చల్లండి. ఇక్కడ మన లావు పలుకు పంచదారే మేలు, పైన కరకరలాడే పొర వస్తుంది.

మధ్య అరలో 55 నుంచి 60 నిమిషాలు. మీ ఓవెన్ డయల్ మీద అంకెను వేదవాక్కు అనుకోకండి. నేను లోపల థర్మామీటర్ పెట్టి చూస్తే మాది 175 దగ్గర 195 చూపించింది. ఎవరి ఓవెన్ స్వభావం వాళ్లు తెలుసుకోవాలి. పైన ముందే ఎర్రబడితే ఒక అల్యూమినియం రేకు కప్పండి. మొదటి అరగంట తలుపు తెరవొద్దు. మధ్యలో కరెంటు పోయినా తెరవొద్దు, పది నిమిషాల్లో వస్తే గండం గడుస్తుంది.

ఉడికిందో లేదో తెలియడానికి పుల్ల గుచ్చమంటారు. ఈ కేకులో పుల్ల మోసం చేస్తుంది. పండు ముక్కలో దిగితే తడిగానే వస్తుంది, ఎంతసేపు కాల్చినా. ఆ తడి పల్చగా నీళ్లలా ఉంటే పండుది. తెల్లగా వేలికి అంటుకుంటే పచ్చి పిండి. రెండు మూడు చోట్ల గుచ్చండి. ఇంకో గుర్తు, చెవి దగ్గర పెట్టి వినండి. పచ్చిగా ఉన్నప్పుడు సుయ్ సుయ్‌మని గట్టిగా వినిపిస్తుంది, ఉడికేకొద్దీ తగ్గుతుంది. అంచులు టిన్ను వదులుతాయి. నాలాంటి కొలతల పిచ్చివాళ్లకు, నడిమధ్య 96 డిగ్రీలు.

ఓవెన్ లేని ఇళ్లు ఉన్నాయి. కుక్కర్లో చేయొచ్చా అని వాట్సాప్‌లో ముందే అడిగారు. నేను కుక్కర్ వాడను. నీళ్లు లేకుండా గంటసేపు కాగితే కుక్కరు పాడవుతుంది. రబ్బరు, విజిల్ ఉంచి పొడిగా వేడి చేయడం ప్రమాదం కూడా. అడుగు మందం ఉన్న పాత బిర్యానీ హండీ ఉంటే అందులో రింగు స్టాండు పెట్టి, మూతపెట్టి, పది నిమిషాలు వేడెక్కనిచ్చి, టిన్ను దించి సన్నసెగన గంటంబావు. ఉడుకుతుంది. పైన రంగు మాత్రం రాదు, ఎందుకంటే వేడంతా కింద నుంచే. దమ్ బిర్యానీకి మూత మీద నిప్పులు పోస్తారు కదా, ఆ కిటుకు ఇదే. పై సెగ లేక రంగు రాదు. పట్టించుకోకపోతే రుచికి లోటు లేదు.

ఎవరో చెయ్యెత్తారు... చెప్పండమ్మా.

గుడ్డు లేకుండా. అవును, ఇది వస్తుందని తెలుసు. మా ఇంట్లోనే శనివారం గుడ్డు రాదు. గుడ్ల బదులు 150 గ్రాముల చిలికిన పెరుగు వేసి, పాలు మానేసి, అర టీస్పూను వంటసోడా, ఒక టీస్పూను బేకింగ్ పౌడర్ వేయండి. పెరుగు పులుపూ సోడా కలిసి పొంగిస్తాయి. కానీ ఉన్నదున్నట్టు చెప్పాలి. గుడ్డు పట్టుకున్నంత గట్టిగా పెరుగు పట్టుకోదు. అందుకని పండు 500 గ్రాములకు తగ్గించాలి. అప్పుడది పకోడీ లెక్క తప్పి మామూలు కేకు వైపు జరుగుతుంది. మంచి కేకే, వేరే కేకు.

గోధుమపిండా? సగం మైదా, సగం గోధుమపిండి దాకా పర్వాలేదు. పూర్తిగా గోధుమపిండితో చేశాను, ఆరోగ్యం అని ఎవరో అంటే. మర్నాడు దాన్ని పాలల్లో నానబెట్టుకుని తిన్నాను.

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా అని అక్కడ పెద్దాయన అడుగుతున్నారు. అయ్యా, నేను తూకం వేసేవాణ్ని, డాక్టర్ని కాదు. ముక్కకు ఎంత పంచదారో చెప్పగలను. పది ముక్కలు చేస్తే పైన చల్లింది కలిపి ముక్కకు 14 గ్రాముల దగ్గర, పండులోని తీపి వేరే. మిగతాది మీ డాక్టర్ గారి లెక్క.

నిల్వ. వానాకాలం, చలికాలం బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో ఇంకో మూడు. మే నెలలో బయట ఒక్క పూటే. ఫ్రిజ్‌లోంచి తీసింది చల్లగా తినకండి, అరగంట బయట ఉంచండి. చేసిన రోజు కన్నా మర్నాడే బాగుంటుంది. రాత్రంతా పండు తడి పిండిలోకి పాకి, నిమ్మవాసన కుదురుకుంటుంది. ట్రెంటో ఆవిడ కూడా ఆ ఆదివారం మాకు పెట్టింది అప్పుడు చేసింది కాదు. కొత్తదాన్ని కిటికీ దగ్గర ఆరబెట్టి, బీరువాలోంచి ముందురోజుది తీసి కోసింది.

నేను తెచ్చిన రెండు కేకులూ నిన్న రాత్రి తొమ్మిదింటికి ఓవెన్లోంచి దించినవి. ఒకటి నిమ్మది, ఇంకోటి దబ్బకాయది. ఏది ఏదో చెప్పను. ముక్కలు నేనే కోస్తాను, కాటా తెచ్చాను, ఒక్క గ్రాము తేడా రాదు. ప్లేట్లు ఆ కిటికీ పక్కన ఉన్నాయి, కుర్చీలు కాస్త గోడ వైపు జరపండి.